పేరున్న సేల్స్‌మన్‌ను తెచ్చుకోవాలా, కొత్తవాణ్ణి తయారుచేసుకోవాలా: హోల్‌సేల్ వ్యాపారులకు ఒక పోలిక

నల్లగొండ కేంద్రంగా పురుగుమందులు, విత్తనాలు డీలర్లకు హోల్‌సేల్‌గా ఇచ్చే మాలాంటి వ్యాపారులకు ఏటా సంక్రాంతి దాటగానే ఒక బెంగ మొదలవుతుంది. వానకాలం పంటకు ముందే ప్రతి రూటు మీదా మనిషి ఉండాలి. తీరా చూస్తే పాత మనిషి మానేసి ఉంటాడు, లేదా పని పెరిగి ఇంకొకరు అవసరమవుతారు. అప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. పోటీ సంస్థలో బాగా అమ్ముతాడని పేరున్న మనిషిని ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకోవడం ఒకటి. అనుభవం లేని స్థానిక యువకుణ్ణి తీసుకొని రెండు సీజన్లపాటు తయారుచేసుకోవడం రెండోది. జీతం లేకుండా, అమ్మినదాని మీద కమీషన్ తీసుకొనే ఏజెంటుకు ఆ ప్రాంతాన్ని అప్పగించడం మూడోది. ఈ మూడింటినీ నేను చేసి చూశాను, మూడింటిలోనూ డబ్బు పోగొట్టుకున్నాను, మూడింటిలోనూ మంచి మనుషులు దొరికారు. అందుకే ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే, ముందు మీ రూటు ఏదో, అక్కడ డబ్బు ఏ నెలలో తిరిగివస్తుందో చెప్పమని అడుగుతాను. దానికన్నా ముందు, అమ్మకాన్ని మీరు దేనితో కొలుస్తున్నారో అడుగుతాను.

కొలబద్ద తప్పితే ఎంపికంతా తప్పుతుంది

బాగా అమ్మేవాడు అన్న మాటకు మన వ్యాపారంలో చాలామంది చెప్పుకొనే అర్థం బిల్లింగ్. జూన్, జూలై నెలల్లో ఎవరి పేరు మీద ఎక్కువ బిల్లులు పడితే అతనే మొనగాడు. కంపెనీలు మనకు ఇచ్చే టార్గెట్లు, స్కీములు కూడా బిల్లింగ్ మీదనే నడుస్తాయి కనుక, మనకు తెలియకుండానే మన కొలబద్ద కూడా అదే అయిపోతుంది. కానీ జూన్‌లో డీలరు దుకాణంలో దిగిన పెట్టె రైతు చేతికి చేరిందో లేదో నవంబరు దాకా తేలదు. చేరకపోతే అది గడువు తేదీకి దగ్గరపడి, అట్టలు నలిగి, రవాణా ఖర్చుతో సహా రిటర్నుగా మన గోదాముకే వస్తుంది. చేరినా, పత్తి అమ్ముడై రైతు చేతి నుంచి డీలరుకు, డీలరు చేతి నుంచి మనకు డబ్బు వచ్చేసరికి మళ్ళీ సంక్రాంతి అవుతుంది.

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఒక మనిషి వానకాలంలో 60 లక్షల బిల్లింగ్ చేశాడు. అందులో 14 లక్షల సరుకు తిరిగి వచ్చింది. నిలిచిన 46 లక్షల్లో 12 లక్షలు గడువు దాటి ఆరు నెలలు ఆలస్యంగా వసూలయ్యాయి. రెండో మనిషి 42 లక్షలే బిల్లు చేశాడు. 2 లక్షల సరుకు తిరిగి వచ్చింది, 3 లక్షలు మాత్రమే ఆరు నెలలు ఆలస్యమయ్యాయి. మార్జిన్ 6 శాతం అనుకుంటే మొదటివాడి వల్ల 2,76,000 రూపాయలు, రెండోవాడి వల్ల 2,40,000 రూపాయలు మిగిలినట్టు కనబడుతుంది. ఆలస్యమైన బాకీకి రూపాయిన్నర వడ్డీ లెక్కగడితే మొదటివాడి ఖాతాలో 1,08,000 రూపాయలు, రెండోవాడి ఖాతాలో 27,000 రూపాయలు పోతాయి. చివరకు మొదటివాడు తెచ్చింది 1,68,000 రూపాయలు, రెండోవాడు తెచ్చింది 2,13,000 రూపాయలు. రిటర్నుల ఆటో కిరాయి, గోదాములో చెడిన సరుకు ఇంకా ఇందులో కలపలేదు. బజారులో పేరు మాత్రం మొదటివాడిదే ఉంటుంది, అతన్నే మనం ఎక్కువ జీతమిచ్చి తెచ్చుకుంటాం.

కనుక మనిషిని వెతకడానికి ముందే, అమ్మకమంటే రిటర్నులు పోగా గడువులోపు ఖాతాలో పడిన డబ్బు అని మన పుస్తకాల్లో మనం రాసుకోవాలి. కింద చెప్పే సలహాలన్నీ ఈ అర్థం మీదనే నిలబడి ఉన్నాయి.

పేరున్న మనిషి

పోటీ సంస్థ నుంచి వచ్చే మనిషితో పాటు డీలర్ల పరిచయాలు, రేట్ల జ్ఞాపకం, ఏ ఊళ్ళో ఏ మందు నడుస్తుందన్న ఎరుక వస్తాయి. మొదటి నెల నుంచే ఆర్డర్లు పడతాయి. సీజన్ ముంచుకొచ్చి, ఏప్రిల్‌లో రూటు ఖాళీ అయిన వ్యాపారికి ఇంతకన్నా వేరే దారి ఉండకపోవచ్చు. ఆ పరిస్థితిలో ఎక్కువ జీతం ఇవ్వడం తప్పని నేను అనను.

అయితే అతని నేర్పులో కొంత భాగం అతని దగ్గర ఉండదు, పాత సంస్థలోనే ఉండిపోతుంది. పాత యజమాని చేతిలో ఉన్న బ్రాండ్, అతను డీలర్లకు ఇచ్చిన ఉద్దెర, సాయంత్రం ఫోన్ చేస్తే పొద్దునకల్లా సరుకు దింపే గోదాము, లెడ్జర్ అడగగానే పంపే గుమస్తా, ఇవన్నీ కలిసే అతన్ని అంత పెద్ద సేల్స్‌మన్‌ను చేశాయి. ఈ సంగతి మీద అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు బోరిస్ గ్రోయ్స్‌బర్గ్, ఆయన సహచరులు చేసిన పరిశీలన ఒకటి ఉంది. 1988 నుంచి 1996 వరకు 78 పెట్టుబడి బ్యాంకుల్లో అగ్రశ్రేణి అని పేరుపడ్డ 1,052 మంది షేర్ల విశ్లేషకుల పనితీరును వాళ్ళు గమనించారు. సంస్థ మారిన అగ్రశ్రేణి వాళ్ళలో 46 శాతం మంది మరుసటి ఏడాదే వెనకబడ్డారు. సగటున వాళ్ళ పనితీరు సుమారు 20 శాతం పడిపోయి, ఐదేళ్ళ తర్వాత కూడా పాత స్థాయికి రాలేదు. తమ బృందంతో కలిసి మారినవాళ్ళు మాత్రం కొంత మెరుగ్గా నిలబడ్డారు. వాళ్ళు షేర్ల విశ్లేషకులే తప్ప డీలర్ల దగ్గరికి తిరిగే సేల్స్‌మన్లు కారు, నిజమే. అయినా మనిషి పేరు వెనుక సంస్థ బలం ఎంత దాగి ఉంటుందో ఆ లెక్క చూపిస్తుంది, నా అనుభవమూ దానికి దూరంగా లేదు.

కొన్నేళ్ళ కిందట దేవరకొండ రూటుకు నేను అలాంటి మనిషినే తెచ్చాను. పాత జీతం మీద పదివేలు ఎక్కువ ఇచ్చాను. మొదటి వానకాలంలోనే పదకొండు మంది కొత్త డీలర్లు మా ఖాతాలోకి వచ్చారు, నేను చాలా సంతోషించాను. సంక్రాంతికి లెక్క చూస్తే, వాళ్ళలో నలుగురికి పాత హోల్‌సేలర్లు ఉద్దెర ఆపేశారని తెలిసింది. అతను మోసం చేశాడని నేను అనుకోవడం లేదు. పిలిస్తే వెంటనే వచ్చేది ఎప్పుడూ ఎక్కడా అప్పు పుట్టని డీలరే కనుక, కొత్త సంస్థలోకి వచ్చిన మనిషికి మొదట దొరికేది వాళ్ళే. ఆ పదకొండు పేర్లూ ఒక కాగితం మీద రాయించుకొని, సరుకు పంపకముందే ఒక్కొక్కరి గురించి బజారులో అడిగి తెలుసుకోవలసిన పని నాది. ఇప్పుడు ఆ పని తప్పకుండా చేస్తున్నాను.

ఇంకొక మాట. ఇలా వచ్చిన మనిషి రేపు మన దగ్గరి నుంచి కూడా వెళ్ళగలడు. కొందరు వ్యాపారులు రెండేళ్ళపాటు పోటీ సంస్థలో చేరనని బాండు రాయించుకుంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగం మానేశాక మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం సాధారణంగా చెల్లదు. ఆ కాగితం మీద నమ్మకం పెట్టుకొని జీతం పెంచకండి.

కొత్తవాడు

కొత్తవాణ్ణి ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది సగం ఎంపిక. పాలెం, కంపాసాగర్‌లలోని వ్యవసాయ పాలిటెక్నిక్‌లలో డిప్లొమా చేసిన పిల్లలు పంట, తెగులు, మందు మోతాదు తెలిసి వస్తారు. ఎంబీఏ చదివినవాళ్ళు కాగితం పని చక్కగా చేస్తారు గాని, మే నెల ఎండలో మోటార్‌సైకిల్ మీద రోజుకు వంద కిలోమీటర్లు తిరగడం చూసి చాలామంది మొదటి వేసవిలోనే మానేస్తారు. నాకు అందరికన్నా బాగా పనికివచ్చినవాళ్ళు పురుగుమందుల దుకాణాల్లో మూడు నాలుగేళ్ళు కౌంటరులో నిలబడిన కుర్రాళ్ళు. రైతు ఆకు తెచ్చి చూపించి అడిగే ప్రశ్న, డీలరు సమాధానం, ఉద్దెర పుస్తకంలో పడే గీత, పంట చేతికొచ్చాక రైతు కట్టే తీరు, ఇవన్నీ వాళ్ళు రోజూ చూసినవే. పదో తరగతితో ఆగిపోయారని వాళ్ళను పక్కన పెట్టకండి.

కొత్తవాణ్ణి తీసుకున్నాక చాలామంది చేసే పొరపాటు అతన్ని మొదటి రోజే ఆర్డర్లకు పంపడం. అమ్మకానికి ముందు అతనికి రెండు పనులు నేర్పాలి: డీలరు దుకాణంలో స్టాక్ లెక్కించడం, బాకీ అడగడం. యాసంగిలో చేర్చుకొని, నాలుగు నెలలు ఈ రెండు పనులే చేయిస్తే, ఏ మందు నడుస్తుందో, ఏ మందు బల్ల కింద దుమ్ము పట్టి ఉందో అతనికి కంటితో తెలుస్తుంది. బాకీ అడగడం మాత్రం అంత తొందరగా రాదు. మన దగ్గర డీలరు ఊరి పెద్దమనిషి. ఇరవై మూడేళ్ళ పిల్లవాడు ‘అన్నా’ అని పిలిచి, చాయ్ తాగి, డబ్బు మాట ఎత్తలేక తిరిగి వస్తాడు. మొదటి పదిసార్లు మీరో, మీ పాత మనిషో పక్కన కూర్చొని, గౌరవం తగ్గకుండా, మాట తేలిపోకుండా ఎలా అడగాలో చూపించాలి. నా దృష్టిలో కొత్తవాడి శిక్షణలో దీనికి మించిన పాఠం లేదు.

ఈ దారిలో నష్టం కాలం. రెండు సీజన్లు అతని జీతం, పెట్రోలు మన పెట్టుబడి. మూడో సీజన్‌లో అతను నిలబడ్డ సమయానికే పోటీవాళ్ళు పిలుస్తారు. అప్పుడు జీతం పెంచడానికి వెనకాడేవాళ్ళు ఈ దారి ఎంచుకోకూడదు. తయారైన మనిషికి బజారు ధర ఇవ్వకుండా, మేమే నేర్పామన్న కృతజ్ఞత మీద ఆపాలనుకోవడం న్యాయం కాదు.

కమీషన్ ఏజెంటు

దీని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఆలంపూర్, మక్తల్ లాంటి దూరపు చోట్ల ఎనిమిది పది మంది డీలర్ల కోసం జీతగాణ్ణి పెట్టడం గిట్టదు కనుక అక్కడ ఏజెంటు సరైన ఎంపిక. అతను మన సరుకుతో పాటు ఇంకో ఇద్దరి సరుకు కూడా అమ్ముతాడు, ఎవరు ఎక్కువ కమీషన్ ఇస్తే ఆ సరుకు ముందు చూపిస్తాడు. అది అతని తప్పు కాదు, ఆ పని స్వభావమే అంత. గత ఏడాది వ్యాపారం కోటి రూపాయలు దాటిన యజమాని ఏడాదికి 20,000 రూపాయలకు మించి ఇచ్చే కమీషన్ మీద 2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) పట్టాలన్నది మరచిపోకూడదు.

ఒక్క ప్రమాదం మాత్రం గట్టిగా చెప్పాలి. కలుపుమందును తట్టుకొనే పత్తి విత్తనానికి దేశంలో ఆమోదం లేకపోయినా, దానికి గిరాకీ ఉండటం వల్ల, కమీషన్ మీదే బతికే మనిషికి ఆ ఆశ చూపించేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. తెలంగాణలో నకిలీ విత్తనాల కేసుల్లో పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) కింద కూడా మనుషులను నిర్బంధించారు. ఏజెంటు సంచిలో అది దొరికితే మన లైసెన్సుకూ, మన పేరుకూ మచ్చ వస్తుంది. దానికన్నా ముందు, బిల్లు లేని విత్తనం మొలవకపోతే పరిహారం అడిగే దారి కూడా లేక రైతు మునిగిపోతాడు.

రూటును బట్టి ఎంపిక

మిర్యాలగూడ, నిడమనూరు, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. నీళ్ళున్న ఏడాది రెండు వరి పంటలు, రైస్ మిల్లుల వల్ల ధాన్యానికి దగ్గర్లోనే గిరాకీ, డబ్బు ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది. అక్కడి డీలర్లు పెద్దవాళ్ళు, రేటు పైసలతో సహా పోల్చి చూసేవాళ్ళు, నలుగురు హోల్‌సేలర్లతో ఒకేసారి మాట్లాడేవాళ్ళు. కొత్తవాణ్ణి పంపితే వాళ్ళు పట్టించుకోరు. ఈ రూటుకు అనుభవం ఉన్న మనిషికి ఎక్కువ జీతమిచ్చినా గిడుతుంది, ఎందుకంటే సరుకు అందరికీ తెలిసినదే అయినప్పుడు, ఏ రోజు ఏ రేటుకు దిగాలో, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి విలువ పెద్దది. బాకీ కూడా మెట్ట ప్రాంతమంత కాలం ఆగదు కనుక, తప్పు జరిగినా తొందరగా బయటపడుతుంది.

దేవరకొండ, చింతపల్లి, అచ్చంపేట, కల్వకుర్తి వైపు లెక్క వేరు. వాన మీద ఆధారపడిన పత్తి, సరుకు జూన్‌లో పోతే డబ్బు డిసెంబరు, జనవరిలో వస్తుంది. జూలైలో ఇరవై రోజులు వాన ముఖం చాటేస్తే వేసిన విత్తనం మళ్ళీ వేయాలి, బాకీ ఇంకో ఏడాదికి జరుగుతుంది. ఇక్కడ గెలిచేది మాట నేర్పు కాదు, ఏ డీలరు వెనుక ఎన్ని తండాలున్నాయో, వాటిలో ఎన్ని బోర్లలో నీళ్ళున్నాయో తెలిసిన మనిషి. ఈ రూట్లకు నేను స్థానికుణ్ణే తీసుకుంటాను. లంబాడీ మాట్లాడగలిగిన అబ్బాయి దొరికితే, పక్కన ఎంత పేరున్న మనిషి నిలబడి ఉన్నా ఆ అబ్బాయికే నా ఓటు, ఎందుకంటే తండాలో రైతు నిజం చెప్పేది తన భాషలోనే. అదే కారణంతో నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం తెలిసిన మనిషి కావాలి. అక్కడి డీలర్లకు రాయచూరు మార్కెట్ దగ్గర, వాళ్ళ పోలిక మనతో కన్నా అక్కడి రేట్లతోనే ఎక్కువ.

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోటలున్న మండలాలను విడిగా చూడాలి. తోట రైతు సీజన్ చూసుకోకుండా ఏడాది పొడుగునా మందు కొంటాడు, ప్రశ్నలు కూడా లోతైనవి అడుగుతాడు. అక్కడ వ్యవసాయ డిప్లొమా ఉన్న కొత్తవాడు పదేళ్ళ అనుభవమున్న సేల్స్‌మన్‌ను దాటిపోవడం నేను చూశాను.

మనిషిని పరీక్షించే తీరు

ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడితే సేల్స్‌మన్ మనకు కూడా తనను తాను అమ్ముకుంటాడు. చక్కగా మాట్లాడటం అతని వృత్తి. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి సమాధానాలు రాసుకోవడం, చిన్న పని చేయించి చూడటం, ఈ రెండూ ఊరికే జరిపే ముచ్చట్లకన్నా నమ్మదగినవని ఉద్యోగుల ఎంపిక మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. నేను ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఒకటి ఉంది: మీ చేతుల మీదుగా మునిగిపోయిన బాకీ గురించి చెప్పండి. అలాంటిది ఒక్కటీ లేదనేవాడు లెక్కలు చూడనివాడై ఉంటాడు, లేదా నిజం చెప్పనివాడై ఉంటాడు. ఎంత పోయింది, ఏ గుర్తు ముందే చూడవలసింది, తర్వాత ఏం మార్చుకున్నాడు అని వివరంగా చెప్పినవాణ్ణి నేను నమ్ముతాను.

ఆ తర్వాత మూడు రోజులు కూలి కట్టిచ్చి రూటు మీద వెంట తిప్పండి. డీలరు వద్దన్నప్పుడు అతని ముఖం చూడండి. దుకాణంలో అడుగుపెట్టగానే అతని కన్ను ముందు వరుస మీద ఆగిందా, వెనక వరుసలో కదలని సరుకు దాకా పోయిందా చూడండి. సాయంత్రం అడిగితే జేబులోంచి చిన్న పుస్తకం తీస్తాడా, అన్నీ గుర్తున్నాయంటాడా గమనించండి. అనుభవజ్ఞుడి గురించి అతని పాత యజమానిని అడగడం వల్ల ఉపయోగం తక్కువ. వదిలించుకోవాలనుకొనేవాడు పొగుడుతాడు, పోగొట్టుకొనేవాడు తిడతాడు. అతను చెప్పని ఐదుగురు డీలర్లకు మీరే ఫోన్ చేసి, రిటర్ను సరుకు గురించి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా అని అడగండి.

జీతమా, కమీషనా

పూర్తి జీతం మీద నడిచే మనిషి వేసవిలో కూడా డీలరు దగ్గరికి వెళ్తాడు, కానీ సీజన్‌లో పదో దుకాణం దగ్గర ఆగిపోతాడు. పూర్తి కమీషన్ మీద నడిచేవాడు సీజన్‌లో రాత్రి పదింటి దాకా తిరుగుతాడు, కానీ డీలరు అడగని సరుకు కూడా దింపుతాడు. మన ప్రాంతంలో ఆదాయమంతా కొన్ని నెలల్లోనే వస్తుంది కనుక, ఇల్లు గడవడానికి సరిపోయే జీతం, దాని మీద వసూలు ప్రకారం ఇన్సెంటివ్ అన్న కలగలుపు పద్ధతినే నేను సూచిస్తాను. మొత్తం ఆదాయంలో మూడింట రెండు వంతులు జీతంగా ఉంటే మనిషి నిశ్చింతగా పనిచేస్తాడు. పెట్రోలు ఖర్చు మాత్రం ఎప్పుడూ విడిగా ఇవ్వండి. దాన్ని ఇన్సెంటివ్‌లో కలిపితే దూరపు ఊళ్ళ డీలర్లను అతను మెల్లగా వదిలేస్తాడు.

ఇన్సెంటివ్ లెక్క సులభంగా ఉండాలి. బిల్లు వేసిన 60 రోజుల్లో వచ్చిన డబ్బు మీద ఒక శాతం, 120 రోజుల్లోపు వస్తే అర శాతం, ఆ తర్వాత వస్తే ఏమీ లేదు. తిరిగివచ్చిన సరుకు లెక్కలోకి రాదు. మెట్ట రూట్లకు ఈ గడువులను 120, 210 రోజులుగా మార్చుకోవాలి, లేకపోతే దేవరకొండ మనిషికి మిర్యాలగూడ మనిషి ముందు అన్యాయం జరుగుతుంది. గరిష్ఠ పరిమితి పెట్టకండి. డగ్ చుంగ్, థామస్ స్టీన్‌బర్గ్, కె. సుధీర్ అనే పరిశోధకులు సేల్స్ బోనస్‌ల మీద చేసిన అధ్యయనంలో, మూడు నెలలకోసారి ఇచ్చే బోనస్ వెనకబడినవాళ్ళను దారిలో ఉంచుతుందని, టార్గెట్ దాటాక ఇచ్చే అదనపు కమీషన్ ముందున్నవాళ్ళను ఆగిపోకుండా చూస్తుందని తేలింది. సేల్స్‌మన్ యజమానికన్నా ఎక్కువ సంపాదిస్తున్నాడన్న కంటగింపుతో పరిమితి పెట్టిన వ్యాపారి, నవంబరు నుంచి అతని పని తగ్గడాన్ని కూడా చూస్తాడు. అదే విధంగా, ఒకడు 40 లక్షలు వసూలు చేశాడని మరుసటి ఏడాది టార్గెట్ 60 లక్షలకు పెంచడం, అతని మండలాలు రెండు కోసి ఇంకొకరికి ఇవ్వడం, బాగా పనిచేసినందుకు శిక్ష వేసినట్టవుతుంది. టార్గెట్‌ను ఆ మండలంలో పడిన వాన, సాగైన ఎకరాలు చూసి వేయాలి.

మంచి మనిషిని నడిపించడం

బాగా అమ్మే మనిషి నియమాలను ఇష్టపడడు. రోజూ రిపోర్టు పంపమంటే పంపడు, సోమవారం మీటింగుకు ఆలస్యంగా వస్తాడు. వీటిని వదిలేయవచ్చు; వసూళ్ళు బాగున్నప్పుడు రిపోర్టు కోసం గొడవపడిన యజమానులు మంచి మనుషులను పోగొట్టుకోవడం చూశాను. కానీ మూడు విషయాల్లో ఎంతటివాడికైనా మినహాయింపు ఉండకూడదు. ఏ డీలరుకు ఎంత ఉద్దెర అన్నది యజమానే తేల్చాలి. డబ్బు సంస్థ ఖాతాకే రావాలి. డీలరు సేల్స్‌మన్ సొంత నంబరుకు యూపీఐ చేసి, రాత్రికి కడతానని అతను చెప్పే పద్ధతిని మొదటి రోజే ఆపాలి. ఆమోదం లేని సరుకు సంచిలో ఉండకూడదు.

డీలరుతో సంబంధం సేల్స్‌మన్ ఒక్కడి చేతిలోనే ఉంటే అతను వెళ్ళిన రోజు వ్యాపారమూ వెళ్తుంది. దీనికి బాండుకన్నా పనికొచ్చే మందు, ఏడాదికి రెండుసార్లు యజమాని స్వయంగా ప్రతి దుకాణానికీ వెళ్ళి, బాకీ నిర్ధారణ పత్రం మీద డీలరు సంతకం తీసుకోవడం. దీనికి చట్టపరమైన విలువ కూడా ఉంది. సరుకు బాకీ మీద దావాకు మూడేళ్ళ గడువు ఉంటుంది. ఆ గడువు తీరకముందే బాకీ ఒప్పుకొంటూ చేసిన సంతకం, 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువును ఆ రోజు నుంచి మళ్ళీ మొదలుపెడుతుంది. చెక్కు తిరిగివస్తే ఆ సంగతి సేల్స్‌మన్ అదే రోజు చెప్పాలని నియమం పెట్టండి, ఎందుకంటే బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు పంపకపోతే చెక్కు బౌన్సు కేసు నిలవదు. డీలరు నొచ్చుకుంటాడని మంచి సేల్స్‌మన్లు ఈ వార్తను వారాల తరబడి దాచిపెట్టడం నేను ఎరుగుదును.

అగ్రస్థానంలో ఉన్న మనిషిని మేనేజరు చేయాలా అన్నది చివరి ప్రశ్న. అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ 2019లో ప్రచురించిన పరిశోధనలో 131 సంస్థల సేల్స్ ఉద్యోగుల వివరాలు పరిశీలించారు. సంస్థలు ఎక్కువ అమ్మినవాళ్ళకే పదోన్నతి ఇస్తున్నాయని, మంచి మేనేజరు కాగలడని సూచించే ఇతర గుణాలను పక్కనపెడుతున్నాయని వాళ్ళు గమనించారు. చిన్న సంస్థలో ఈ తప్పుకు వెల ఇంకా ఎక్కువ. ఒక్క నిర్ణయంతో ఉన్న ఒకే మంచి సేల్స్‌మన్ రూటు వదిలేస్తాడు, మిగతా నలుగురు అతని కోపానికి మానేస్తారు. పెద్ద డీలర్లను అతని పేరు మీద ఉంచి, జీతం మేనేజరుతో సమానంగా చేసి, కారు ఇచ్చి, రూటు మీదనే ఉంచడం మంచి ఎంపిక. మేనేజరుగా, అమ్మకంలో రెండో మూడో స్థానంలో ఉన్నా, కొత్త పిల్లలను వెంట తీసుకెళ్ళి బాకీ అడగడం నేర్పినవాణ్ణి చూడండి.

ఈ ఏడాది కల్వకుర్తి రూటుకు నాకు మనిషి కావాలి. ఇద్దరు వచ్చారు. ఒకరు జడ్చర్ల వైపు ఏడేళ్ళు తిరిగిన మనిషి, బజారులో మంచి పేరు, మూడు రోజుల రూటులో ఆర్డర్లు కూడా తెచ్చాడు. అతను చెప్పని ఐదుగురు డీలర్లలో ముగ్గురు రిటర్నుల దగ్గర మాట తప్పాడన్నారు. రెండోవాడు వెల్దండ దగ్గర దుకాణంలో నాలుగేళ్ళు కౌంటరులో ఉన్న తండా అబ్బాయి. మూడు రోజుల్లో ఒక్క ఆర్డరు తేలేదు, కానీ తిరిగిన పద్నాలుగు దుకాణాల్లో నిరుడు మేము దింపిన సరుకు ఎక్కడ ఎంత మిగిలి ఉందో పుస్తకంలో రాసుకొచ్చాడు. ఆ అబ్బాయిని తీసుకున్నాను. ఏప్రిల్ చివరి దాకా బాకీలకూ, స్టాక్ లెక్కకూ నేనే వెంట వెళ్తాను, మే నెలలో అతనికి ఆర్డరు పుస్తకం ఇస్తాను.